తుఫాను హెచ్చరిక గ్రామమునకు చేరు దారి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకములను గూర్చియు, చదువరులను గూర్చియు ప్రసంగించుట వాడుక. కాని సముద్రమునకు చేరువనున్న పల్లెలో 25 సంవత్సరములు నిలిచిన గ్రంథాలయమునకు ఇంకొక విషయముతోగూడ చుట్టరికము కలదు. అది గాలివాన. కార్తీకమాసము వచ్చెననగా కృష్ణా గోదావరుల డెల్టాలలోని రైతు ఒక కంట కోతకు వచ్చిన చేనును, ఒక కంట తూర్పు ఆకాశమును చూచుచుండును. ఆపద వచ్చునపుడు దానిని ముందుగా కనిపెట్టువారెవరు, కనిపెట్టిన మాట పల్లెకు ఏ దారిని వచ్చును, వచ్చిన మాట ఎచ్చట నిలిచిపోవును అనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

ఆంధ్రతీరమునకు ఉప్పెన క్రొత్తది గాదు. గోదావరి పాయ యొడ్డున ఒకనాడు ఓడలకు పేరుగాంచిన కోరంగి 1789లో ఒకమారు, 1839లో మరియొకమారు సముద్రపు పొంగునకు బలియైనది. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను నావికుడు ఇట్టి గాలివానల నడకను పరిశీలించి, చుట్టచుట్టుకొన్న పామును బోలిన గాలికి ‘సైక్లోన్’ అని 1848లో పేరు పెట్టెను. నేడు లోకమంతయు వాడు ఆ మాట బంగాళాఖాతపు ఒడ్డుననే పుట్టినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది నశించిరి. డచ్చివారును, ఇంగ్లీషువారును వర్తకము నడపిన ఆ రేవు మరల పూర్వపు వైభవమునకు రాలేదు.

అదే సంవత్సరము అక్టోబరులో కలకత్తాను గూడ తుఫాను ధ్వంసము చేయుటవలన, 1865లో ఆ రేవున తుఫాను హెచ్చరికల యేర్పాటు మొదలయ్యెను. పది సంవత్సరములకు, 1875లో, భారత వాతావరణ శాఖ స్థాపింపబడెను. అనగా ఈ దేశమున వాతావరణ శాస్త్రము ప్రభుత్వశాఖయై కూర్చుండుటకు గాలివానలును, కరవులును గలిసి కారణమైనవి. నాటి హెచ్చరిక ఓడలకొరకు పుట్టినది. రేవు స్తంభముపై పగలు గోపురాకారపు, పీపాయాకారపు గురుతులను, రాత్రి ఎఱ్ఱని, తెల్లని దీపములను ఎత్తుచుండిరి. 1 మొదలు 11 వరకు గల రేవు గురుతులు నేటికిని వాడుకలో నున్నవి. పత్రికలలో ‘మూడవ నంబరు ప్రమాద సూచిక’ యని చదివి, అది తుఫాను బలమును తెలుపు కొలతయని అనేకులు తలచుచున్నారు. అది సరిగాదు. ఆ సంఖ్య ఆ రేవునకు కలుగు అపాయమును సూచించునే గాని గాలి యొక్క వేగమును గాదు. 1, 2 సంఖ్యలు దూరముననున్న తుఫానును, 3, 4 రేవు దగ్గరి వాతావరణమును, 5 మొదలు 7 వరకు అపాయమును, 8 మొదలు 10 వరకు మహాపాయమును తెలుపును. 11 అనగా హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదని యర్థము. ఓడవానికి ఆ పదునొకండవ గురుతే మిక్కిలి భయంకరమైనది. పల్లెవానికి గూడ అంతియే.

ఇక 1977 నవంబరు 19వ తేదీ, శనివారము. ఆ వారమున తుఫాను వార్తలు లేకపోలేదు. నవంబరు 12న ఒక తుఫాను నాగపట్టణపు తీరమును తాకియుండెను. దాని వెనుకనే బంగాళాఖాతపు ఆగ్నేయ భాగమున మరియొకటి పుట్టి, బలిసి, ఉత్తరమునకు తిరిగి వచ్చెను. వాతావరణ శాఖ హెచ్చరికలు పంపెను; ఆకాశవాణి వాటిని చదివెను. అయినను ఆ సాయంకాలము నిజాంపట్నము ప్రాంతమున తుఫాను తీరము దాటినపుడు దివి తాలూకాపై లేచిన నీరు కొన్నిచోట్ల 5 మీటర్లకు మించి, పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొనివచ్చెను. ప్రభుత్వపు లెక్కలలోనే సుమారు 10,000 మంది మరణించిరి. ఇతర లెక్కలు అంతకంటె ఎక్కువ చెప్పును. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది వంటి పేర్లను దేశమంతయు ఆ దినములలోనే తొలిసారి వినెను.

ఆ నీరు అంత యెత్తు ఎట్లు లేచెను? భూగోళపు ఉత్తరార్ధమున తుఫానుగాలి గడియారపు ముల్లు తిరుగుదిశకు ఎదురుగా తిరుగును. తూర్పునుండి తీరమునకు వచ్చు తుఫానునకు కుడివైపున, అనగా ఉత్తరపు భాగమున, గాలి సముద్రమునుండి భూమివైపు వీచుచు నీటిని త్రోయుచుండును. ఎడమవైపున భూమినుండి సముద్రమువైపు వీచును. 1977లో దివిసీమ ఆ కుడివైపున చిక్కెను. అంతేగాక నిజాంపట్నపు అఖాతమున సముద్రము లోతు తక్కువ. అడుగు మెల్లగా వాలును. త్రోయబడిన నీటికి క్రిందుగా వెనుకకు మరలుటకు చోటు చాలక పైకి లేచును. ఎదుట డెల్టా భూమి బల్లపరుపు. ఆ నీటిని ఆపుటకు గట్టుగాని, గుట్టగాని లేదు.

ఇచ్చట ఒక మాటను గమనింపవలయును. హెచ్చరికలలో ‘సాధారణ పోటుకంటె ఇన్ని మీటర్ల యెత్తు’ అని చెప్పుదురు. దాని యర్థము ఆ యెత్తును నాటి సముద్రపు పోటుపై కలుపుకొనవలయునని. అమావాస్య పౌర్ణములకు పోటు అధికము. ఆటు సమయమున వచ్చు 3 మీటర్ల ఉప్పెన వేరు, పౌర్ణమినాటి పోటుపై వచ్చు 3 మీటర్ల ఉప్పెన వేరు. ఏ వేళ పోటో ఏ వేళ ఆటో పల్లెకారులకు పంచాంగము చూడకయే తెలియును. కార్యాలయములోని అంకెకు వారి యెఱుకను జోడించుకొనక హెచ్చరికను చదువుట అసంపూర్ణమైన చదువు.

1977లో లోపించినది వార్త గాదు, వార్తను కార్యముగా మార్చు యంత్రాంగము. రేడియోలో చెప్పిన ‘తీవ్ర తుఫాను’ అను మాట పాకలోని మనిషికి ‘నీవు ఈ పూటనే లేచి ఫలానా మేడకు పొమ్ము’ అను మాటగా మారలేదు. పోవుటకు మేడలును లేవు. బ్రతికినవారిలో పెక్కురు గుడి మీదికో, బడి మీదికో, చెట్టు మీదికో యెక్కి బ్రతికిరి.

దీనికి సాక్ష్యము 13 సంవత్సరములకు దొరకెను. 1990 మే 9న దాదాపు అంతటి బలముగల తుఫానే మచిలీపట్టణమునకు నైరృతిగా, కృష్ణ సముద్రమున గలియుచోటికి సమీపమున తీరము దాటెను. అప్పటికి ఉపగ్రహముల చిత్రములు వచ్చుచుండెను. తీరమున రాడారులు పనిచేయుచుండెను. తుఫాను ఆశ్రయ భవనములు వెలసియుండెను. అన్నిటికంటె ముఖ్యము, సుమారు 6,50,000 మందిని ముందుగానే లోపలి ప్రాంతములకు తరలించిరి. పైరులకు, ఇండ్లకు, పశువులకు కలిగిన నష్టము అపారము. కాని మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచెను. వేయి ప్రాణములు స్వల్పమని యెవ్వరు అనగలరు? అయినను 1977 ప్రక్కన నుంచి చూచినపుడు, అదే తీరము, అదే పేదరికము, అటువంటి గాలి. మారినది నడుమనున్న ఏర్పాటు మాత్రమే.

అంతట పాఠము పూర్తియైనదని అనుకొనిరేమో! 1996 నవంబరు 6 రాత్రి కోనసీమపై పడిన తుఫాను ఇంకొక లోపమును బయటపెట్టెను. అది తీరమునకు చేరువలో త్వరగా బలిసెను. సముద్రముపై వేటకు పోయిన జాలరులకు ఆ వార్త చేర్చు సాధనము లేకపోయెను. మరణించినవారు వేయికి మించిరి. తిరిగిరానివారు వందలలో నుండిరి. కొబ్బరితోటలు నేలగూలి, చెట్టునే నమ్ముకొన్న కుటుంబములు ఏండ్లతరబడి తేరుకొనలేదు. ఉప్పెనకు సిద్ధపడిన తీరమును గాలియే కొట్టివేసెను. 2014 అక్టోబరు 12న ‘హుద్‌హుద్’ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు మృతుల సంఖ్య వందకు లోబడినను, నగరమంతయు విద్యుత్తును, టెలిఫోనును గోల్పోయి దినములతరబడి మూగయై యుండెను. చేతిఫోను చాలునని నమ్మినవారికి నాడు పదునొకండవ గురుతు అనుభవమునకు వచ్చెను.

నేడు హెచ్చరిక పుట్టుచోట లోపమంతగా లేదు. ఢిల్లీలోని వాతావరణ శాఖ కేంద్రము భారతదేశమునకే గాక బంగాళాఖాతము, అరేబియా సముద్రముల చుట్టునున్న ఇతర దేశములకుగూడ తుఫాను సమాచారమును అందించుచున్నది. ఐక్యరాజ్యసమితి సంస్థల ఆధ్వర్యమున 1972లో ఏర్పడిన తుఫానుల మండలియందు ఈ దేశములన్నియు సభ్యులు. తుఫానులకు ఈ దేశములు వంతులవారీగా పేర్లు పెట్టు ఆచారము 2004లో మొదలయ్యెను. ఆంధ్రతీరమునకు సంబంధించి విశాఖపట్టణమున 1974లో స్థాపించిన తుఫాను హెచ్చరిక కేంద్రము కలదు. సముద్రపు అలల యెత్తును, సునామీని కనిపెట్టు జాతీయ కేంద్రము హైదరాబాదున నున్నది. 2004 డిసెంబరు 26 సునామీలో ఆంధ్రతీరమునగూడ నూరుమందికి పైగా మరణించిన పిదపనే, 2007లో అచ్చట సునామీ హెచ్చరిక విభాగము పని ప్రారంభించినది.

వాతావరణ శాఖ తన హెచ్చరికలను నాలుగు మెట్లుగా పంపును. 72 గంటల ముందు తొలి సూచన. 48 గంటల ముందు జాగ్రత్త. 24 గంటల ముందు హెచ్చరిక. తీరము దాటుటకు 12 గంటల ముందు, భూమిపైకి వచ్చిన తరువాతి సంగతి. తుఫాను సమీపించిన కొలది మూడేసి గంటలకొక ప్రకటన వెలువడును. రెండవ మెట్టునకు పసుపు, మూడవదానికి నారింజ, నాలుగవదానికి ఎఱుపు రంగు గురుతు.

చట్టము గూడ కలదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము దేశమునకును, రాష్ట్రమునకును, జిల్లాకును ఒక్కొక్క ప్రాధికార సంస్థ యుండును. జిల్లాకు కలెక్టరు అధ్యక్షుడు. స్థానిక సంస్థల ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షుడు. స్థానిక సంస్థలు తమ ఉద్యోగులకు శిక్షణ నిప్పించి, సామగ్రిని ఎల్లప్పుడు సిద్ధముగా నుంచవలయునని ఆ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ చట్టము క్రిందనే జాతీయ విపత్తు ప్రతిస్పందన దళము ఏర్పడెను. దాని పదవ పటాలము గన్నవరము దగ్గరి కొండపావులూరున నున్నది. తూర్పు నౌకాదళమును, తీరరక్షక దళమును విశాఖయందు గలవు. సహాయము కోరుటకు 112, రాష్ట్ర కేంద్రమునకు 1070, జిల్లా కేంద్రమునకు 1077 అను ఫోను సంఖ్యలు గలవు. చట్టములోని మరియొక నిబంధన పల్లెలలో తెలిసినవారు తక్కువ. విపత్తును గూర్చి అబద్ధపు హెచ్చరిక పుట్టించి గాని వ్యాపింపజేసి గాని జనమును బెదరగొట్టినవానికి ఒక సంవత్సరము వరకు కారాగారమో, జరిమానాయో విధింపవచ్చును. చేతిఫోనులలో గాలికంటె వేగముగా పుకార్లు పరుగెత్తు ఈ దినములలో ఈ సంగతి గ్రంథాలయపు గోడపై వ్రాసియుంచదగినది.

ఢిల్లీనుండి మండల కార్యాలయము వరకు మాట నిమిషములలో వచ్చుచున్నది. మండల కార్యాలయమునుండి కడపటి పాకవరకు గల మూడు నాలుగు మైళ్లే నేటికిని దూరము. దళములు ఎంత వేగముగా వచ్చినను గాలి వీచునపుడు రాలేవు. చెట్లు పడిన రోడ్డుమీద తరువాతి దినమున గాని రాలేవు. ఆ నడిమి గంటలలో పల్లెకు పల్లెయే దిక్కు. అట్టి పల్లెలో ఒక స్థలము, ఒక పట్టిక, నలుగురు చదువరులు ఉండుట అవసరము. గ్రంథాలయమున ఈ మూడును ముందే యున్నవి.

ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము పుస్తకమును బీరువాలో నుంచి తాళము వేయుటకు పుట్టలేదు. 1914లో బెజవాడయందు సంఘముగా నేర్పడినది మొదలు అది జనమునొద్దకు పోవుటకే యత్నించినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించి, పుస్తకమును రేవురేవునకు కొనిపోయిరి. చదువరికొరకు పడవ కట్టిన సంప్రదాయము గలవారికి, తుఫాను వార్తను వీధి వీధికి కొనిపోవుట తమ పనికాదని తోచనక్కరలేదు.

చేయవలసిన పని చిన్నది. గోడపై బంగాళాఖాతపు పటమొకటి, అక్షాంశ రేఖాంశములు గీసినది, వ్రేలాడదీయవలయును. తుఫాను పుట్టినది మొదలు ప్రతి ప్రకటనలోని స్థానమును పాఠశాల విద్యార్థులు దానిపై చుక్కగా గుర్తింపవలయును. మచిలీపట్టణము దాదాపు 16.2 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 81.1 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్నదని తెలిసిన పిల్లవాడు, చుక్కలు ఎటు నడచుచున్నవో తానే చూచును. ఇంటికి పోయి అవ్వకు చెప్పును. అధికారి చెప్పిన మాటకు కదలని అవ్వ మనుమని మాటకు కదలును. ప్రక్కనే నల్లబల్లపై ప్రకటన వెలువడిన గంట, తేదీ వ్రాయవలయును. గంట లేని వార్తయే సగము పుకారు. విద్యుత్తు పోయినను పలుకునట్లు బ్యాటరీతో నడచు రేడియో యొకటి, విడి బ్యాటరీలతో గూడ, ఉండవలయును. చేతిఫోను వచ్చిన పిదప రేడియో పాతసామానుగా తలపబడినది గాని, గోపురములు కూలిననాడు దూరపు కేంద్రమునుండి వచ్చు మాటకు అదియే చెవి.

ఇక ఆశ్రయ భవనముల సంగతి. 1977 తరువాత ప్రభుత్వమును, సేవాసంస్థలును తీరము పొడవున వందలకొలది భవనములను స్తంభములపై యెత్తుగా కట్టించిరి. కట్టినదాని మంచిచెడ్డలు తుఫానునాడు గాక మామూలు దినములలో తేలును. పదియేండ్లు తలుపు తీయని భవనము కడగండ్లలో కొంప ముంచును. కిటికీలు ఊడి, నీటికుండీ పగిలి, మెట్లపై తుమ్మ మొలచియుండును. బడిగానో, పెండ్లిండ్లకో, ధాన్యపు తూకమునకో వాడుకలోనున్నది నిలుచును. వాడిన పాడగునను భయముతో తాళము వేయుట మంచి పొదుపు గాదు.

తాళము మాట వచ్చినది గనుక దానిని విడువరాదు. తాళపుచెవి ఎవరియొద్ద నున్నది? పంచాయతీ కార్యదర్శి యొద్దయని కాగితమున నుండును. కార్యదర్శి పట్టణమున కాపురముండును. గాలి లేచిన రాత్రి రెండు గంటలకు తలుపెదుట నిలిచిన గర్భిణీస్త్రీకి ఆ కాగితము పనికిరాదు. రెండవ తాళపుచెవి భవనమునకు దగ్గరనున్న ఇంట, మూడవది గ్రంథాలయపు మేకునకు ఉండవలయును. అట్లే జనము ఇల్లు కదలకుండుటకు ‘మూర్ఖత’యని పేరు పెట్టుట సులభము. కారణములు వేరు. పశువును విడిచి రాలేరు. పాకలోని పెట్టెను విడిచి రాలేరు. మరుగుదొడ్డి లేని చోట రాత్రంతయు వందలమంది మగవారి నడుమ గడుపుటకు స్త్రీలు ఇష్టపడరు. ఎత్తైన గట్టుమీద పశువులకు చోటు, పెట్టెలను కాపాడు నలుగురు యువకులు, స్త్రీలకు వేరుగది ముందే యేర్పడినచో పోలీసువారి లాఠీతో పనియుండదు.

పల్లెలో ప్రతివారికి తెలియవలసిన మరియొక సంగతి తుఫాను కన్ను. తుఫాను నడిబొడ్డు పల్లెమీదుగా పోయినపుడు గాలి ఒక్కసారి ఆగిపోవును. చుక్కలు గూడ కనబడవచ్చును. ప్రమాదము గడచినదని జనము బయటికి వచ్చి, ఎగిరిపోయిన రేకులను ఏరుకొందురు. ఆ నెమ్మది అరగంటయో, గంటయో. అటుపిమ్మట ఎదురుదిక్కునుండి అంతే బలముగా గాలి విరుచుకొనిపడును. మొదటి గాలికి వంగిన గోడ రెండవ గాలికి కూలును. లోపలనున్నవారు అధికారుల మాట వినబడువరకు లోపలనే యుండవలయును.

గాలి వెలిసిన తరువాతి సహాయమును గూర్చి ఒక్క మాట చాలును. దూరమునుండి లారీలలో వచ్చు పాతబట్టల మూటలకంటె, మంచినీరు, క్లోరిను, కట్టెకోత రంపములు, టార్పాలిను పట్టాలు మొదటి మూడు దినములలో మేలు చేయును. ఉప్పునీరు నిండిన బావులను తోడించుట, కళేబరములను పూడ్చుట ఆ వెనుకనే జరుగవలయును.

అన్నిటికి మూలము ఒక పట్టిక. రూళ్ల పుస్తకమొకటి చాలును. ఏ వీధిలో ఏ ఇల్లు పాక, ఏది మేడ, ఏ ఇంట నడువలేని వృద్ధులు, ఏ ఇంట నెలలు నిండిన స్త్రీ, ఏ ఇంట ఒంటరి మనిషి, ఎవరికి ట్రాక్టరు, ఎవరికి పడవ, ఎవరికి జనరేటరు, ఎవరికి రంపము గలదు, నర్సమ్మగారి ఇల్లెచ్చట, నేడు వేటకు పోయిన పడవలెన్ని, వాటిలో మనుష్యులెందరు, ఏ వృద్ధురాలిని మోసుకొనివచ్చు బాధ్యత ఏ యువకునిది. ఈ కడపటి గడి ఖాళీగా నుండరాదు. పేరు వ్రాయబడినవానికి తన పేరు వ్రాయబడినట్లు తెలియవలయును. ఇందరి ఇండ్ల సంగతులు గలది గనుక ఆ పుస్తకము గ్రంథాలయాధికారి సొరుగులో నుండవలయును. దాని ప్రతియొకటి ఆశ్రయ భవనమున, నీరు తగులని సంచిలో నుండవలయును.

బంగాళాఖాతమున తుఫానుల ఋతువులు రెండు. వానకారుకు ముందు ఏప్రిల్, మే మాసములు; వానకారు వెళ్లిన పిదప అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. కావున పట్టికను ఏప్రిల్ మొదటివారమున ఒకమారును, సెప్టెంబరు కడపట మరియొకమారును ఇంటింటికి తిరిగి దిద్దవలయును. ఆర్నెల్లలో కొందరు గతించియుందురు, కొందరు పుట్టియుందురు. కొందరు పనులకొరకు హైదరాబాదునకు పోయియుందురు. ఫోను సంఖ్యలు మారియుండును. ఆ రెండు దినములలోనే రేడియో బ్యాటరీలను మార్చి, ఆశ్రయ భవనపు తలుపును మూడు తాళపుచెవులతోను తెరచి చూడవలయును.